అమ్మ గుండె దడ, పాల లెక్క క్యాలెండర్

కావలిలో మా డాక్టరుగారు అమ్మకు ఈసీజీ తీస్తే మామూలుగానే వచ్చింది. అయినా గుండె లయ తప్పుతోందన్న అనుమానంతో నెల్లూరులో గుండె డాక్టరుకు చూపించమన్నారు. ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా అప్పటిదాకా ఆగొద్దని కూడా చెప్పారు. "దడ ఎంతసేపు ఉంటుందమ్మా?" అని అడిగితే అమ్మ "అప్పుడప్పుడూ వస్తుందయ్యా" అంది. నాకూ అంతకుమించి తెలియదు. నెల్లూరులోనూ ఇలాగే తెల్లమొహం వేస్తామేమోనని టెన్షన్ పట్టుకుంది.

పది రోజుల టైముంది. పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లోనే రాయడం మొదలుపెట్టాం. దడ వచ్చినప్పుడల్లా నాడి పట్టుకుని నిండా నిమిషం లెక్కపెట్టాను. లయ తప్పినప్పుడు 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది. ఒక గడిలో అమ్మే వంకర అక్షరాలతో "తెల్లారి 4, కల్లాపి చల్లకముందే, 20 నిమిషాలు" అని రాసింది.

ప్రశ్నలు చాలా రాసి, చివరికి నాలుగే ఉంచాను. ఇది ఏట్రియల్ ఫిబ్రిలేషనా (గుండె పైగదులు లయ తప్పి అదిరే జబ్బు)? 24 గంటలూ గుండె లయను రికార్డు చేసే హోల్టర్ పెట్టె పెట్టాలా? థైరాయిడ్ పరీక్ష కావాలా? రక్తం పలచబరిచే మందు అవసరమా? ఈ చివరిదే నాకు ముఖ్యం. ఆ జబ్బులో గుండె పైగదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

అమ్మ ఐదోది చేర్చింది: "గోంగూర తినొచ్చా?" కొట్టేయబోయి ఆగాను. మంచిపని చేశాను. రక్తం పలచబరిచే వార్ఫరిన్ మందు ఇస్తే ఆకుకూరలు మానక్కర్లేదని, ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా తినాలని నెల్లూరు డాక్టరుగారు వివరించారు.

ఆయన ముందు చదివింది క్యాలెండర్ కాగితాన్నే. హోల్టర్ పెట్టించారు. అమ్మ ఆ చిన్న పెట్టెను నడుముకు కట్టుకుని సాయంత్రం బస్సులో ఇంటికొచ్చింది.