బీపీకి డిజేబిలిటీ పింఛను రాలేదా? ముందు మెడికల్ బోర్డు కాగితం తెప్పించుకోండి

కర్నూలు, అనంతపురం, కడప పల్లెల నుంచి మిలిటరీకి వెళ్లి, పదిహేడో ఇరవై నాలుగో ఏళ్లు చేసి, బీపీ మాత్రలతో ఇంటికొచ్చిన వాళ్లు ఊరూరా ఉన్నారు. సర్వీసు ముగిసేటప్పుడు పరీక్షించే మెడికల్ బోర్డు "ప్రైమరీ హైపర్‌టెన్షన్ (వేరే జబ్బువల్ల కాక వచ్చిన బీపీ), 30 శాతం, జీవితాంతం" అని రాసి, ఆ కిందే "సర్వీసుకూ దీనికీ సంబంధం లేదు" అని తేల్చి ఉంటుంది. పింఛను ఆపింది ఆ రెండో మాటే. చాలామంది ఇప్పటి ప్రైవేటు ఆసుపత్రి చీటీలు కట్టగట్టి అప్పీలుకు జోడిస్తారు. దానివల్ల ఏమీ ఒరగదు. బీపీ ఉందని బోర్డే ఒప్పుకుంది కదా. తేలాల్సింది ఒక్కటే: అది ఎప్పుడు, మీరు ఎక్కడ డ్యూటీలో ఉండగా వచ్చింది?

మొదట మీరు సర్వీసు నుంచి బయటికొచ్చిన తేదీ చూసుకోండి. 2023 సెప్టెంబర్ 21 నుంచి ఎంటైటిల్‌మెంట్ నియమాలు (ఈ పింఛనుకు ఎవరు అర్హులో చెప్పేవి), బోర్డు డాక్టర్లు పాటించే వైద్యాధికారుల గైడు రెండూ మారాయి. ఇక్కడ చెప్పేది అంతకు ముందు వచ్చేసినవాళ్ల సంగతి. తర్వాత వచ్చినవాళ్లు పాత గైడు పేరాలు ఎత్తిరాస్తే అప్పీలు అక్కడే బలహీనపడుతుంది.

కాగితాలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి మీ రికార్డ్ ఆఫీసు (మీ సర్వీసు కాగితాలు దాచే ఆఫీసు) సమాచార అధికారి పేర రాయండి. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఈఎంఈ (మెకానికల్ ఇంజనీర్ల విభాగం) అయితే సికింద్రాబాద్, ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) అయితే బెంగళూరు, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్. సర్వీసు నంబరు, ర్యాంకు, డిశ్చార్జ్ తేదీ తప్పనిసరి. అడగాల్సినవి: రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ (ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16), బీపీకి మొదటిసారి మెడికల్ కేటగిరీ తగ్గించినప్పటి బోర్డు కాగితం (ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15), భర్తీ నాటి వైద్య పరీక్ష, తేదీలతో పోస్టింగుల పట్టిక, క్లెయిమ్ తిరస్కరించిన ఉత్తరం. "నా మెడికల్ రికార్డు మొత్తం పంపండి" అని రాయకండి, ఏదో ఒకటి పంపి ఊరుకుంటారు. ఒక్కో కాగితం పేరు విడిగా రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి ముప్పై రోజుల్లో అక్కడే పై అధికారికి మొదటి అప్పీలు పెట్టొచ్చు.

కాగితం చేతికొచ్చాక నిదానంగా చదవండి. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 మొదటి భాగంలో మీరు పనిచేసిన చోట్లు, ఒక్కోదాని పక్కన పీస్ (మామూలు స్టేషన్) లేదా ఫీల్డ్ (సరిహద్దు, ఆపరేషన్ల వంటి కష్టమైన చోటు) అన్న గుర్తు ఉంటాయి. హడావుడిలో నింపిన పట్టిక కాబట్టి ఫీల్డ్ పోస్టింగు పీస్‌గా పడి ఉండొచ్చు. పోస్టింగుల పట్టికతో వరుసగా సరిపోల్చండి. తర్వాత జబ్బు మొదలైన తేదీ, స్థలం. ఆ తర్వాత అసలైనది, బోర్డు రాసిన కారణం.

ఎక్కువగా కనిపించే కారణం "పీస్ స్టేషన్‌లో మొదలైంది, ఫీల్డ్ ఒత్తిడితో దగ్గరి సంబంధం లేదు" అన్నది. దీనికి జవాబు తేదీలే ఇవ్వాలి. బీపీ నొప్పి పెట్టి బయటపడే జబ్బు కాదు. ఏడాది వైద్య పరీక్షలో కొలిచిన రోజున తెలుస్తుంది. కాబట్టి అది కనిపించిన రోజు, మొదలైన రోజు ఒకటే అనుకోవడానికి లేదు. ఫీల్డుకు వెళ్లకముందు రీడింగు ఎంత, తిరిగొచ్చిన తొలి పరీక్షలో ఎంత, మధ్య ఎన్ని నెలలు ఎత్తైన ప్రాంతంలోనో తిరుగుబాటు అణచివేత డ్యూటీలోనో ఉన్నారు? ఈ మూడూ ఒక చిన్న పట్టికగా పెడితే పేజీల కొద్దీ మొర కన్నా బాగా పనిచేస్తుంది. పైన చెప్పిన పాత గైడు (2008) 43వ పేరా ప్రకారం ఫీల్డు, ఎత్తైన ప్రాంతాలు, తిరుగుబాటు అణచివేత ప్రాంతాలు, దీర్ఘకాలం ఓడ డ్యూటీల్లో ఉండగా వచ్చిన ప్రైమరీ హైపర్‌టెన్షన్‌ను సర్వీసువల్ల ముదిరినదిగానే చూడాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. "సర్వీసువల్లే పుట్టింది" అని మాత్రమే వాదిస్తారు. అదే పేరా బీపీకి ఆ మాట వర్తించదంటుంది. "సర్వీసువల్ల ముదిరింది" అని అడగండి. డిజేబిలిటీ ఎలిమెంటుకు (పింఛనులో వైకల్యానికి ఇచ్చే భాగానికి) ఆ ఒక్కటి చాలు. కిడ్నీ జబ్బువల్ల వచ్చిన బీపీ అయితే దారి వేరు, క్లెయిమ్ కిడ్నీ జబ్బు మీద నడవాలి.

బరువు ఎక్కువనో, వంశంలో ఉందనో రాసి ఉంటే ఆనాటి బరువు, ఎత్తు, కుటుంబ చరిత్ర గడి చూడండి. బరువు నిజంగా ఎక్కువ ఉంటే దాచకండి. ఆ కాగితం వాళ్ల దగ్గరా ఉంది.

ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది మీకు వెన్నెముక: భర్తీనాడు జబ్బు నమోదు కాకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి, కాదని చూపే భారం ప్రభుత్వానిది, బోర్డు కారణాలు రాయాలి. అయితే తీర్పు పేరు రాసినంత మాత్రాన పని కాదు. మీ బోర్డు కారణం ఎందుకు చాలదో మీ తేదీలతో చూపాలి.

పింఛను తిరస్కరణ ఉత్తరం అందిన ఆరు నెలల్లోగా పింఛను కోసం మొదటి అప్పీలు రికార్డ్ ఆఫీసు ద్వారా పంపాలి. అదీ పోతే మళ్లీ ఆరు నెలల్లో రెండో అప్పీలు. స్పీడ్ పోస్టు రసీదు భద్రం. ఆరు నెలలు దాటినా జవాబు లేకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గరే, అయినా మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది. ఏళ్లు గడిచిపోయాయని వదిలేయకండి. ఆలస్యం మన్నించమని దరఖాస్తు జతచేయొచ్చు. కాకపోతే 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం, పాత బకాయి మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితమవుతుంది. అంటే జాగుచేసిన ప్రతి నెలా డబ్బు పోతున్నట్టే.

నూటికి నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. ఆఖరి జీతం 60,000 అయితే అది 18,000. ముప్పై శాతానికి 5,400. కానీ 50 కన్నా తక్కువున్న శాతాన్ని 50కి పెంచి లెక్కగట్టే పద్ధతి ఉంది, అప్పుడు 9,000, పైన డీఆర్ (పింఛనుదారుల కరువు భత్యం). గడువు పూర్తిచేసి రిటైరైనవాళ్లకూ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పటికే 30 శాతం లెక్కన తీసుకుంటున్నవాళ్లు కూడా పీపీఓ (పింఛను చెల్లింపు ఆర్డరు) తీసి చూసుకోవాలి.

గెలిచాక సవరించిన పీపీఓ స్పర్శ్‌లో (రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ) వస్తుంది. ఇంటిపేరు ముందో వెనకో పడి ఆధార్‌కూ పీపీఓకూ పేరు కలవకపోతే డబ్బు ఆగుతుంది. నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు ఏర్పడ్డాక చిరునామా మార్చుకోని వాళ్లకు ఉత్తరాలు తిరిగిపోతాయి. ఈ రెండూ అప్పీలు నడుస్తుండగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి సరిచేయించుకోండి. కొత్త పీపీఓ రాగానే అందులో శాతం, అమలు తేదీ ఆర్డరులో ఉన్నట్టే పడ్డాయో లేదో చూడండి.