ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని ఇంట్లో ఛార్జింగ్ పెట్టడం ఎలా?

బండిలోంచి తీసి ఇంట్లోకి తెచ్చుకునే లిథియం బ్యాటరీ ఉన్నవాళ్ల కోసం ఇది. కావలసినవి మూడే: బ్యాటరీతో వచ్చిన ఛార్జరు, గోడకున్న గట్టి ప్లగ్ పాయింటు, చుట్టూ ఏమీ లేని కాస్త గచ్చు నేల. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఈ జాబితాలో లేదు. నాలుగైదు గంటలు ఆగకుండా కరెంటు లాగితే నాసిరకం బాక్సు పిన్నుల దగ్గర కరుగుతుంది. బ్యాటరీ తప్పేమీ లేకుండానే ఇల్లు అంటుకోవడానికి అది చాలు.

ముందు బ్యాటరీని చల్లారనివ్వండి

బండి దిగగానే పెట్టొద్దు. ఒక గంట ఆగండి, మే నెలలో రెండు గంటలు. బ్యాటరీ లోపలుండే లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో సాధారణంగా ఛార్జ్ చేయకూడదు. రామగుండం ఎండలో నిలబెట్టిన బండి సీటు కింద ఆ వేడి మధ్యాహ్నానికే దాటిపోతుంది. ఎండాకాలం తెల్లవారుజామున లేచి పెట్టుకోవడమే పద్ధతి. నిద్ర పోతుందంటారా, పోనివ్వండి.

చోటు

పడకగదిలో వద్దు. హాల్లో ఎవరైనా పడుకుంటే హాల్లోనూ వద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో కొద్ది రోజుల తేడాతో మనుషులు పడుకున్న చోటే ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. గుమ్మం పక్కన, మెట్ల కింద కూడా వద్దు, మీరు బయటికి పరుగెత్తాల్సిన దారి అదే. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఈ-బైక్ షోరూమ్ అంటుకుంటే పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది చనిపోయారు. ఎండ, వాన పడని బాల్కనీ ఉంటే అంతకంటే మంచి చోటు లేదు.

ఛార్జరు: అందరూ తప్పు చేసేది ఇక్కడే

పిన్ను పట్టింది కాబట్టి ఛార్జరు సరిపోయినట్టే అనుకుంటారు. పిన్నుకీ వోల్టేజికీ సంబంధం లేదు. ఛార్జరు వెనక స్టిక్కరు చూడండి. ఇన్‌పుట్ అన్నది గోడ కరెంటు గురించి, దాన్ని వదిలేయండి. అవుట్‌పుట్ అన్న చోట ఉన్న అంకె మనకు కావాలి.

‘48 వోల్టుల’ బ్యాటరీకి 54.6 వోల్టుల ఛార్జరు ఇచ్చారని కొందరు కంగారుపడతారు. అది సరైనదే. లోపల 13 సెల్స్ వరసగా ఉంటాయి, ఒక్కోటి 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది. చిక్కేమిటంటే, ఎల్ఎఫ్‌పీ అనే ఇంకో రకం లిథియం సెల్స్ 16 పేర్చి చేసిన బ్యాటరీని కూడా 48 వోల్టులనే అమ్ముతారు. దాని ఛార్జరు 58.4. పాత లెడ్ యాసిడ్ బండి ఛార్జరు కూడా దాదాపు అంతే ఇస్తుంది. ఈ రెండింటిలో ఏదైనా 13 సెల్స్ బ్యాటరీకి తగిలిస్తే ఒక్కో సెల్ మీద దాదాపు 4.5 వోల్టులు పడతాయి. లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేడి పుడుతుంది, ఒక సెల్ అంటుకుంటే పక్కదీ అంటుకుంటుంది.

‘లోపల బీఎంఎస్ ఉందిగా, అదే ఆపేస్తుంది’ అని మెకానిక్కులు ధైర్యం చెబుతారు. బీఎంఎస్ అంటే బ్యాటరీకి కాపలా కాసే సర్క్యూట్. అది బాగున్నంత కాలం ఆపుతుంది. కానీ అది కారులో ఎయిర్‌బ్యాగ్ లాంటిది, ఉంది కదా అని ఎవరూ రోజూ గోడకి గుద్దుకోరు. పాత బండిలో లెడ్ బ్యాటరీ తీసి లిథియం వేయించుకుంటే పాత ఛార్జరును ఆ రోజే వదిలించుకోండి. అటక మీద ఉంటే ఎప్పుడో ఒకరోజు ఇంట్లో ఎవరో ఒకరు తీసి పెడతారు. కొత్త ఛార్జరు కొనాల్సివస్తే బ్యాటరీ కంపెనీదే కొనండి. సగం ధరకి దొరికేదాని స్టిక్కరును కూడా నేను నమ్మను.

పెట్టడం, తీయడం

ముందు బ్యాటరీకి, తర్వాత గోడకి, ఆఖర్న స్విచ్చు. తీసేటప్పుడు తిరగేసి. ఛార్జరు మీద గుడ్డ కప్పొద్దు. రాత్రంతా వదిలేయొద్దు. టైమర్ ప్లగ్ పెట్టి పడుకుంటామనేవాళ్లున్నారు, కానీ బ్యాటరీ ఉబ్బుతోందని టైమర్‌కి తెలియదు. మెలకువగా ఉన్నప్పుడే పెట్టాలి.

ఉబ్బినది, కింద పడి నొక్కుకుపోయినది, వరదనీటిలో మునిగినది అసలు పెట్టొద్దు. నీళ్లలో మునిగిన బ్యాటరీ ఆరాక మామూలుగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. లోపల తుప్పు మెల్లగా పని మొదలుపెడుతుంది.

బుసలు, తీయటి ఘాటు వాసన, తెల్లటి పొగ కనిపిస్తే బ్యాటరీని చేత్తో పట్టుకోవద్దు. మెయిన్ స్విచ్చు బయటికెళ్లే దారిలోనే ఉంటే ఆఫ్ చేయండి, అందరినీ బయటికి పంపి తలుపు మూసి 101కి ఫోన్ చేయండి. ఆ పొగ విషం. మంటలార్పే చిన్న ఎర్ర సిలిండరు మంటను కాసేపు అణచినా లోపలి వేడిని ఆపలేదు, దాన్ని చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి. ఫైర్ వాళ్లు రాగానే అది లిథియం బ్యాటరీ అని చెప్పండి. ఆరిపోయిందనుకున్న బ్యాటరీ గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకోగలదు కాబట్టి దాన్ని తిరిగి ఇంట్లోకి తేవద్దు.