పాటకీ ఇంటర్వ్యూకీ ఒకే రికార్డర్: కొనే ముందు ఏం చూడాలి

రికార్డర్ కొందామని ఏ షాపింగ్ సైట్ తెరిచినా ముందు అంకెలే కనిపిస్తాయి: 24 బిట్, 32 బిట్, 96 కిలోహెర్ట్జ్, 192 కిలోహెర్ట్జ్. వాటి సంగతి తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది మీరు రికార్డ్ చేయబోయే గొంతుగానీ వాద్యంగానీ మైక్‌కి ఎంత దూరంలో ఉంటుంది, ఎంత గట్టిగా మోగుతుంది అన్నది. అమ్మమ్మ పాడే మంగళహారతుల్ని చక్కగా పట్టే మెషీన్ ఊరేగింపులో డోలు సన్నాయి ముందు చేతులెత్తేయొచ్చు. డప్పుల మోతని తట్టుకునేది, గదిలో మెల్లగా మాట్లాడే పెద్దాయన మాట వెనక సుయ్యిమని ఒక హోరు పెట్టొచ్చు. రెండు పనులూ ఒకే దాంతో కావాలంటే ఎక్కడో రాజీ పడాలి, ఎక్కడ పడుతున్నామో తెలిసి పడితే బాధ ఉండదు.

ఫోన్ ఉందిగా అంటారా? వార్త రాసుకోవడానికి నోట్స్‌లా వాడుకునే ఇంటర్వ్యూకి ఫోన్ చాలు, కాదనను. చిక్కంతా పాట దగ్గరే. ఫోన్లలో వచ్చే మామూలు రికార్డింగ్ యాప్‌లు ఎక్కువగా మాట కోసం చేసినవి. శబ్దం తగ్గితే వాటంతట అవే పెంచేస్తాయి, పెరిగితే నొక్కేస్తాయి, నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆగకుండా మోగే తంబూరా శ్రుతిని కూడా ఫ్యాన్ చప్పుడే అనుకుని తినేస్తాయి. మధ్యలో కాల్ వస్తే సరే సరి.

ఇక మార్కెట్లో దొరికేవి మోటుగా మూడు రకాలు. మొదటిది వాయిస్ రికార్డర్, సోనీ ఐసీడీ-యూఎక్స్570 లాంటిది. చొక్కా జేబులో పడుతుంది, లోపలే 4 జీబీ మెమరీ ఉంటుంది, యూఎస్‌బీ పిన్ను బయటికి జరిపి నేరుగా కంప్యూటర్‌కి గుచ్చేయొచ్చు. రిపోర్టర్లకి, క్లాసులు రికార్డ్ చేసుకునే పిల్లలకి ఇది హాయి, కానీ పాట కోసమే కొనేట్టయితే దీని జోలికి పోవద్దు. రెండోది పైన రెండు మైకులతో స్టీరియోలో రికార్డ్ చేసే చేతి రికార్డర్: జూమ్ హెచ్1 ఎసెన్షియల్, టాస్కామ్ డీఆర్-05ఎక్స్, డీఆర్-07ఎక్స్. మూడోది వీటికి తోడు కింద స్టేజీ మైకులు పెట్టుకునే ఎక్స్ఎల్ఆర్ సాకెట్లు కూడా ఉన్నది: జూమ్ హెచ్4 ఎసెన్షియల్, హెచ్6 ఎసెన్షియల్, టాస్కామ్ డీఆర్-40ఎక్స్, పోర్టాక్యాప్చర్ ఎక్స్8. చాలామందికి రెండో రకం సరిపోతుంది. కచేరీలో మిక్సర్ నుంచి నేరుగా శబ్దం తీసుకోవాలన్నా, ఇద్దరు ముగ్గురితో విడివిడి మైకులు పెట్టి పాడ్‌కాస్ట్ చేయాలన్నా మూడోదానికి వెళ్లండి. ఎప్పటికైనా పనికొస్తుందేమో అని నాలుగు సాకెట్ల మెషీన్ కొని దాని బరువుకి జడిసి ఇంట్లోనే వదిలేసి వెళ్లేవాళ్లు బోలెడుమంది.

మైకుల దగ్గర కాస్త ఆగండి, ఎందుకంటే పైకి ఒకేలా కనిపించే రెండు మెషీన్ల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంటుంది. డీఆర్-05ఎక్స్‌లో ఉన్నవి ఓమ్ని మైకులు, అంటే అన్ని వైపులా వింటాయి. బల్ల మధ్యలో పెట్టి చుట్టూ నలుగురు మాట్లాడుకుంటే అందరి మాటా పడుతుంది, కింది స్థాయి శబ్దాలు నిండుగా వస్తాయి, గాలికీ చేతి రాపిడికీ కాస్త తక్కువ బెదురుతుంది. అయితే వెనక వరసలో దగ్గేవాడినీ, గుమ్మం అవతల మిక్సీనీ కూడా అంతే ప్రేమగా వింటుంది. జూమ్ వాటిల్లో ఎక్స్-వై పద్ధతిలో ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన మైకులు ముందు వైపు ఎక్కువగా వింటాయి. వీణ ఎడమ పక్క, మృదంగం కుడి పక్క ఉన్నట్టు విడివిడిగా తెలుస్తుంది. దీన్ని ఇంటర్వ్యూకి తీసుకెళ్లి ఎదుటివాళ్ల వైపు తిప్పి పెడితే ప్రశ్నలడిగే మీ గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటుంది, అది మీకు పర్వాలేదో లేదో చూసుకోండి. డీఆర్-07ఎక్స్‌లో మైకుల్ని లోపలికీ బయటికీ తిప్పుకోవచ్చు.

తర్వాత చూడాల్సింది మైక్ ఎంత మోత తట్టుకుంటుందన్నది. స్పెసిఫికేషన్లలో ఎస్‌పీఎల్ అని ఉంటుంది. హెచ్1 ఎసెన్షియల్‌కి 120 డీబీ, డీఆర్-05ఎక్స్‌కి 125, హెచ్4 ఎసెన్షియల్‌కి 130 అని కంపెనీలు ఇస్తాయి. గాత్రం, వీణ, వయొలిన్, వేణువు ఏదైనా మీరు పక్కనే కూర్చుని రికార్డ్ చేసినా 120 ధారాళంగా చాలు. డోలు, డప్పు, సన్నాయి పక్కన నిలబడి రికార్డ్ చేసే పని ఎక్కువైతే పెద్ద అంకె ఉన్నది తీసుకోండి, లేదా నాలుగడుగులు వెనక్కి వేయండి. రెండోది ఉచితం.

ఇప్పుడు ఆ 32 బిట్ ఫ్లోట్ గొడవ, అంటే చాలా చిన్న శబ్దాన్నీ చాలా పెద్ద శబ్దాన్నీ ఒకే ఫైల్‌లో పట్టే పద్ధతి. ఇది నిజంగా పనికొచ్చే సౌకర్యమే. మామూలు 24 బిట్ మెషీన్‌లో ముందే లెవెల్ సెట్ చేయాలి, గట్టి భాగం వచ్చినప్పుడు మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఉండేట్టు పెట్టుకుంటే క్షేమం. సున్నా దాటిందా, గొంతు బీటలువారుతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మళ్లీ పూర్తిగా అతికించలేదు. 32 బిట్ ఫ్లోట్‌లో లెవెల్ సెట్ చేసే టెన్షనే లేదు. హెచ్1 ఎసెన్షియల్‌లో అసలు లెవెల్ పెంచి తగ్గించే గెయిన్ నాబే పెట్టలేదు. గుసగుసగా మొదలైన ఆలాపననీ, చివర్లో తని ఆవర్తనంలో దంచేసే మృదంగాన్నీ తర్వాత ఇంట్లో కూర్చుని తీరిగ్గా సర్దుకోవచ్చు. కానీ మైకే తట్టుకోలేక గీరితే 32 బిట్ ఏమీ చేయలేదు. దూరంగా పెట్టడం వల్ల వచ్చిన గది ప్రతిధ్వనినీ తీయలేదు. ఇంకొకటి, కొన్ని ఫోన్ ప్లేయర్లూ, మాటని అక్షరాల్లోకి మార్చే కొన్ని సర్వీసులూ ఈ ఫైళ్లని తెరవవు, ముందు ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 16 బిట్‌లోకి మార్చి పంపాలి. పెళ్లిళ్లలో, జాతరల్లో, ముందు రిహార్సల్ లేని చోట పని చేసేవాళ్లకి ఇది వరం. ఎప్పుడూ ఒకే గదిలో ఒకే కుర్చీలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు దీనికోసం పాత మెషీన్ని మార్చక్కర్లేదు. టాస్కామ్ డీఆర్-40ఎక్స్ లాంటి వాటిలో డ్యూయల్ రికార్డింగ్ అని ఉంటుంది, అదే శబ్దాన్ని తక్కువ లెవెల్‌లో ఇంకో ఫైల్‌గా దాచుతుంది. అదీ మంచి ఉపాయమే.

192 కిలోహెర్ట్జ్‌కి, అంటే శబ్దాన్ని సెకనుకి 1,92,000 సార్లు కొలిచే వేగానికి, డబ్బులు పెట్టకండి. మనిషి చెవి కుర్రతనంలోనే 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు, 44.1 కిలోహెర్ట్జ్ సీడీ నాణ్యత అక్కడి దాకా పట్టేస్తుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుని ఆ సంగతి మర్చిపోండి. స్టీరియోలో గంటకి సుమారు 1 జీబీ అవుతుంది, 32 బిట్ ఫ్లోట్ అయితే 1.4 జీబీ దాకా. 32 జీబీ కార్డు ఒక ఊరి పండగంతా సరిపోతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3లో గంటకి 60 ఎంబీ కూడా పట్టదు గానీ, మళ్లీ దొరకని గొంతుని ఎంపీ3లో దాచుకోవడం నాకు నచ్చదు. వేవ్ (కుదించని ఫైల్) లో తీసి, పంపేటప్పుడు ఎంపీ3 చేసుకోండి.

ఇంటర్వ్యూలకి అసలు మంత్రం దూరం. మైక్‌కీ నోటికీ మధ్య దూరం రెట్టింపైతే ఆరుబయట మాట 6 డీబీ పడిపోతుంది, చుట్టూ ఉన్న చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. రికార్డర్ మూరెడు దూరంలో ఉంటే బాగుంటుంది, బల్ల అవతలి అంచున పెడితే బాగుండదు, ఇందులో బ్రాండ్ ప్రమేయం ఏమీ లేదు. అందుకే కాలర్ మైక్ పెట్టుకునే 3.5 ఎంఎం సాకెట్ లేని మెషీన్ని ఇంటర్వ్యూకి కొనవద్దంటాను. కాలర్ మైక్ గడ్డం కింద జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి ఫ్యాన్ తిరుగుతున్నా మాట నిలబడుతుంది. మే నెలలో రాజమండ్రిలోనో ఖమ్మంలోనో ఒక పెద్దావిడని ఫ్యాన్ ఆపి కూర్చోమనలేం కదా.

కాలర్ మైక్ కొనేటప్పుడు పిన్ను చూడండి. ఫోన్ కోసం చేసిన దాని పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉంటాయి, రికార్డర్‌కీ కెమెరాకీ చేసిన దాని మీద రెండే. మూడు గీతలది తిన్నగా గుచ్చితే కొన్ని రికార్డర్లలో అసలు శబ్దం రాదు, కొన్నిట్లో బలహీనంగా వస్తుంది. చిన్న అడాప్టర్‌తో పోతుంది. మన దగ్గర బాగా అమ్ముడయ్యే బోయా బీవై-ఎం1 పిన్నుకి మూడు గీతలే ఉన్నా, ఫోన్‌కా కెమెరాకా అని మార్చుకునే చిన్న స్విచ్ దాని మీద ఉంటుంది, లోపల ఎల్ఆర్44 బిళ్ల బ్యాటరీ ఉంటుంది, రికార్డర్‌కి వాడేటప్పుడు ఆ స్విచ్‌ని కెమెరా వైపు పెట్టాలి. లోపల బ్యాటరీ లేని రకమైతే రికార్డర్ మెనూలో ప్లగ్-ఇన్ పవర్ (మైక్‌కి రికార్డరే ఇచ్చే కాస్త కరెంటు) ఆన్ చేయాలి, లేకపోతే మైక్ పోయిందనుకుంటారు.

మూడో రకం మెషీన్లలో సాకెట్ ఉంటే చాలదు, దాని వెనక మైక్ సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ నిశ్శబ్దంగా ఉండాలి. షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైక్ ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది, మాట కోసం దాన్ని 55, 60 డీబీ దాకా పెంచాల్సి వస్తుంది, అక్కడ చవక ప్రీయాంప్‌ల హోరు బయటపడుతుంది. స్పెసిఫికేషన్లలో ప్రీయాంప్ సొంత హోరు ఎంతో చెప్పే ఈఐఎన్ అనే అంకె వెతకండి. మైనస్ 120 డీబీయూ కంటే కిందకి ఎంత వెళ్తే అంత మంచిది, ఆ అంకె ఇవ్వని కంపెనీని అనుమానించడంలో తప్పులేదు. కండెన్సర్ మైకులకి రికార్డర్ నుంచి వెళ్లే 48 వోల్టుల కరెంటు, ఫాంటమ్ పవర్ అంటారు, కావాలి, అది బ్యాటరీని గబగబా తాగేస్తుంది.

కచేరీలో మిక్సర్ నుంచి తీసుకునేవాళ్లకి: మైక్‌సెట్ అతన్ని వయొలిన్ శ్రుతి చేస్తున్నప్పుడు కాదు, గంట ముందే పలకరించండి. అక్కడినుంచి వచ్చేది లైన్ లెవెల్, మైక్ కంటే చాలా బలమైనది. దాన్ని మైక్ ఇన్‌పుట్‌లోకి ఇస్తే సాకెట్ దగ్గరే చిట్లిపోతుంది, మెనూలో లైన్ అని మార్చుకునే వీలుందో లేదో కొనే ముందే చూడండి. పైగా మిక్సర్‌లో ఉండేది స్పీకర్లలోంచి పెంచాల్సిన శబ్దమే. చిన్న హాల్లో మృదంగానికి పెద్దగా మైక్ అక్కర్లేదు కాబట్టి అందులో గాత్రం మాత్రం పెద్దగా, మృదంగం ఎక్కడో ఉన్నట్టు వస్తుంది, చప్పట్లు అసలే ఉండవు. నాలుగు ట్రాకుల మెషీన్‌కి పెట్టిన డబ్బులు ఇక్కడే గిట్టుబాటవుతాయి: రెండు ట్రాకులు మిక్సర్‌వి, రెండు మెషీన్ సొంత మైకులవి, తర్వాత కలుపుకోవచ్చు. వేదికకి మీరు పది మీటర్ల దూరంలో ఉంటే సొంత మైకుల శబ్దం దాదాపు 30 మిల్లీసెకన్లు వెనకబడుతుంది, కలిపేటప్పుడు అంత ముందుకి జరపాలి. మిక్సర్‌కి తగిలించినప్పుడు రికార్డర్ని చార్జర్ మీద కాకుండా బ్యాటరీ మీదే నడపండి, మన కరెంటు 50 హెర్ట్జ్ గూ అనే మోత చాలాసార్లు ఆ చార్జర్ దారిలోనే దూరుతుంది.

బ్యాటరీ విషయంలో నాది పాతకాలపు పట్టుదల: పెన్సిల్ సెల్స్‌తో నడిచేదే కొంటాను. అవి ఏ పల్లెలో కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి, లోపల సీలు వేసిన బ్యాటరీ మూడు నాలుగేళ్లకి నీరసపడితే మాత్రం మార్చడం తలనొప్పి. రీచార్జబుల్ సెల్స్ వాడితే మెనూలో ఆ రకం ఎంచుకోండి, లేకపోతే బ్యాటరీ గుర్తు అబద్ధం చెబుతుంది. కార్డు మాత్రం నమ్మకమైన చోట కొని, రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి.

బడ్జెట్‌లో మైక్ మీద గాలిని ఆపే బొచ్చు తొడుగు కూడా కలుపుకోండి. పెట్టెలో ఫోమ్ తొడుగు వచ్చినా అది నోటి ఊపిరిని ఆపుతుంది గానీ చెరువు గట్టు మీది గాలిని ఆపలేదు. ఆరుబయట ఒగ్గు కథో బుర్రకథో రికార్డ్ చేసేవాళ్లకి ఇది 32 బిట్ కంటే ముందు కావాలి. చెవిలో పెట్టుకు వినడానికి ఇయర్‌ఫోన్ సాకెట్ లేని మెషీన్ వద్దు. అడుగున కెమెరా ట్రైపాడ్‌కి బిగించే మర ఉండాలి. అది లేని రోజున కండువా మడతపెట్టి దాని మీద రికార్డర్ పెట్టినా బల్ల దడదడ చాలా తగ్గుతుంది.

మెనూలో రెండే రెండు ముఖ్యం. ఆటో లెవెల్ (శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించేది) పాటకి ఆపేయాలి, హడావిడి ఇంటర్వ్యూకి పెట్టుకోవచ్చు. లో కట్ (మంద్ర శబ్దాల్ని కోసేసేది) మాటకి ఆన్ చేయాలి, బస్సుల గుర్రు పోతుంది. మృదంగానికీ డోలుకీ ఆపేయాలి, లేకపోతే ఎడమ చేతితో పలికించే ‘గుమికి’ అనే మంద్ర నాదం పోతుంది. హెచ్1 ఎసెన్షియల్‌లో మెనూని చదివి వినిపించే సౌకర్యం ఉంది, తెలుగులో కాదు గానీ చూపు లేనివాళ్లకి ఉపయోగమే.

ధర మాటకొస్తే, జూమ్ ఎసెన్షియల్ మూడూ 2024లో అమెరికాలో సుమారు 100, 200, 300 డాలర్లకి వచ్చాయి. మన దగ్గర ఇంకా ఎక్కువే పడుతుంది. అక్కడి చుట్టాలతో తెప్పించుకోవచ్చు, అయితే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. నన్నడిగితే మొదటిసారి కొనేవాళ్లు హెచ్1 ఎసెన్షియల్, ఒక కాలర్ మైక్, ఒక బొచ్చు తొడుగు తీసుకుంటే చాలు. ఇంటర్వ్యూలే ఎక్కువైతే డీఆర్-05ఎక్స్ కూడా మంచిదే.

డబ్బా పారేయకుండా రిటర్న్ గడువులోపే ఈ పరీక్షలు చేయండి. రాత్రి ఫ్యాన్ ఆపి ఖాళీ గదిని ఐదు నిమిషాలు రికార్డ్ చేసి ఇయర్‌ఫోన్లలో వినండి, టిక్ టిక్ గానీ ఈల గానీ వినిపించకూడదు. రెండు మైకుల ముందూ విడివిడిగా చిటికె వేసి, ఎడమా కుడీ సమానంగా వస్తున్నాయా చూడండి. ప్రతి సాకెట్‌లో పిన్ను పెట్టి మెల్లగా కదపండి, గరగర వస్తే వెనక్కి పంపేయండి. చివరగా సెల్స్ పూర్తిగా అయిపోయేదాకా రికార్డింగ్‌లో వదిలేసి, ఆ ఫైల్ తెరుచుకుంటుందో లేదో చూడండి.