పద్యం చెవికెక్కించడం, 4వ పాఠం: దెబ్బ ఒత్తు మీద కాదు

ఈ పాఠంలో పిల్లల చేత పద్యపాదం రాయించాలి. రాయిద్దాం. కానీ ముందు కిందటి పాఠంలో చెడినదాన్ని బాగుచేసుకోవాలి.

గురువుకు (సాగే అక్షరానికి) చప్పట్లు, లఘువుకు (పొట్టి అక్షరానికి) చిటిక అని చెప్పాను. టీచింగ్ ప్రాక్టీసులో మీరు అదే చేయించారు. మీరు రాసి పంపిన సంగతులన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాయి. నలభైమంది చప్పట్లకు పక్క క్లాసు మేష్టారు తలుపు దగ్గరికి వచ్చారు. చిటికలు ఎవరికీ వినపడలేదు. ఆరో తరగతిలో సగంమందికి చిటిక వెయ్యడమే రాదు. చప్పట్లు పెట్టమన్నది నేనే కనుక మార్చాల్సిందీ నేనే. ఇకనుంచి గురువు వస్తే అరచెయ్యి బల్ల మీద ఆనించి కాసేపు ఉంచాలి. లఘువు వస్తే చూపుడువేలితో ఒక్క తట్టు. నేల మీద కూర్చునే తరగతైతే తొడ మీద చాలు. ఇందులో ఇంకో లాభం ఉంది: చెయ్యి ఆగినంతసేపూ గొంతు కూడా ఆగుతుంది. గురువంటే రెండు మాత్రల కాలం, లఘువుకు రెట్టింపు, అని విడిగా చెప్పనక్కర్లేదు.

రెండో చిక్కు ఈ గోల కంటే పెద్దది. వేమన పాదం ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ చదివిస్తే పిల్లలు ‘ప్పు’ దగ్గర కొట్టారు, ‘క్క’ దగ్గర కొట్టారు. దీర్ఘం గురువు, సున్న ఉన్నది గురువు, ఐ ఔలూ గురువులే. ఇవి మీకు తెలిసినవే, దాటేద్దాం. ఒత్తు దగ్గర మాత్రం నేను కదలను. ఈ తప్పు పిల్లలది కాదు, తరగతిలో తరతరాలుగా మనం ఆడుతున్న మాటది: “ఒత్తక్షరం ఉంటే గురువు.” విన్న పిల్లవాడు ఒత్తున్న అక్షరం కోసం కళ్లతో వెతుకుతాడు, దొరకగానే కొడతాడు. వాడు మన మాటే విన్నాడు.

ఒత్తక్షరం గురువు కాదు. దాని ముందున్నది గురువు. ఎందుకో పుస్తకం మూసి, గొంతుతో చూపించండి. ‘గుడి’ అనండి, ‘గుడ్డి’ అనండి. రెండో మాటలో గొంతు ఎక్కడ ఆగింది? ‘గుడ్’ దగ్గర. మిగిలిన ‘డి’ రెండు మాటల్లోనూ ఒకే పొట్టి డి. అలాగే తల, తల్లి. ఎద, ఎద్దు. రాతలో ఒత్తు రెండో అక్షరం కింద కూర్చుంటుంది, బరువు మాత్రం మొదటి అక్షరం మోస్తుంది. కన్ను చూసేది ఒకచోట, చెవి వినేది మరోచోట. అందుకే మొదటి రెండు రోజులు బోర్డు మీద గురులఘువుల గుర్తులు పెట్టవద్దంటాను. మూడోరోజు పెట్టినా మునిగిపోయేదేమీ లేదు.

తప్పు చోట కొడితే ఏమవుతుందో చూడండి. ‘ఉప్పు’ గురువు, లఘువు. అంటే సూర్యగణం (గణమంటే గురులఘువుల చిన్న గుంపు). ‘ప్పు’ మీద కొట్టారంటే లఘువు, గురువు అయి కూర్చుంటుంది, సూర్యగణాల్లో అలాంటిది లేదు. ‘కప్పు’దీ అదే గతి. ‘నొక్క’ తలకిందులైతే దానితో మొదలయ్యే ఇంద్రగణం (సూర్యగణం కంటే పెద్ద గుంపు) కూడా పోతుంది. పాదమంతా కూలిపోయాక పిల్లవాడికి అర్థమయ్యేది ఒక్కటే, ఛందస్సు తనకు రాదని.

ఇందులోనే ఇంకో మెలిక. ‘ప్రజ’, ‘క్షమ’ లాంటి మాటల్లో మొదటి అక్షరానికే ఒత్తుంది. దాని ముందు ఏమీ లేదు కనుక బరువు మోసేవాళ్లు లేరు. ‘ప్ర’, ‘క్ష’ రెండూ లఘువులే. ‘ఊరి ప్రజలు’ అన్నప్పుడు ‘రి’ కూడా లఘువే, విడి మాటలు కదా. సంస్కృత సమాసాల్లో లెక్క మారుతుంది. అది పై తరగతుల సంగతి, ఇప్పుడు ఎత్తకండి.

ఇక రాయించడం. పై వేమన పద్యం ఆటవెలది. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే రకాలు: గురువు లఘువు, లేదా మూడు లఘువులు. కాబట్టి నేను ఎప్పుడూ రెండో పాదంతోనే మొదలుపెడతాను. కందపద్యంతో మొదలుపెట్టే మిత్రులున్నారు, పిల్లలకు అది కొండ.

పిల్లల్ని బస్టాండులో కనిపించే ఊళ్ల పేర్లు చెప్పమనండి. కాకినాడ: కాకి, నాడ. రెండు సూర్యగణాలు ఉట్టినే వచ్చిపడ్డాయి. విజయవాడ: విజయ, వాడ. పాలకొల్లు, నల్లగొండ, సిద్ధిపేట అన్నీ అంతే. గుంటూరు, నెల్లూరు ఇక్కడ ఇమడవు, అవి ఇంద్రగణాలు, పక్కన రాసి దాచుకోండి. ఊరితో రెండు గణాలు అయిపోయాయి, మూడే మిగిలాయి. నా తరగతిలో ఒక పిల్ల రాసింది:

కాకినాడ నుంచి కాజ వచ్చె

కాజా కాస్తా కాజ అయింది, అవనివ్వండి. పాదం మొదట ఉన్న ‘కా’ నాలుగో గణం మొదట మళ్లీ పడి యతి (ఆ రెండుచోట్లా అక్షరాలు కలవడం) కూడా కుదిరింది, ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు. అప్పుడే యతి అనే మాట చెప్పాలి, తను చేసినదానికి పేరుగా. ఇంకో బల్ల నుంచి వచ్చినవి:

విజయవాడ వాన విడువలేదు
పాలకొల్లు రైలు పాట పాడె

యతి కుదరని పాదాన్ని కొట్టెయ్యకండి. ‘కాకినాడ నుంచి పాలకొల్లు’లో యతి లేదు, నడక ఉంది. మొదటి వారానికి నడక చాలు.

నాలుగో పాదానికి మకుటం, అంటే ప్రతి పద్యం చివరా మళ్లీ వచ్చే మాట. ‘విశ్వదాభిరామ వినురవేమ’ ఐదు సూర్యగణాలని చేత్తో తట్టించాక, ఎవరి మకుటం వాళ్లను కట్టుకోమనండి. ఒకడు ఇంట్లో పిల్లికి చెప్పుకున్నాడు: ‘మాట వినవె నాదు మంచి పిల్లి’. ఆ ఒక్క పాదం కోసం మిగిలిన మూడూ రాసుకొచ్చాడు.

భావం ఎప్పుడు చెప్పాలని ఇద్దరు అడిగారు. పద్యం నోటికొచ్చాక. ఉప్పు, కర్పూరం రెండు పొట్లాల్లో తీసుకెళ్లి చూడనివ్వండి, వాసన చూడనివ్వండి. పూజ కర్పూరం నాలుక మీద మాత్రం పెట్టనివ్వకండి, అది విషం. రుచి తేడాకు ఉప్పు, పంచదార చాలు.

వచ్చే పాఠంలోగా: మీ ఇంటి నుంచి కాలేజీ దాకా వచ్చే ఇరవై ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు రాసి గణాలు విడదియ్యండి. సూర్యగణాలుగా విడిపోయిన ప్రతి పేరుతోనూ ఒక్కో పాదం కట్టండి, వాటిలో ఐదింటికైనా యతి కుదరాలి. తర్వాత ఆ పాదాలను పదేళ్ల పిల్లలెవరి చేతైనా తట్టించి, వేలు తప్పిన ప్రతి అక్షరాన్నీ రాసి పంపండి. పాదాలు పంపకపోయినా సరే, ఆ తప్పిన అక్షరాల జాబితా నాకు కావాలి. ఐదో పాఠం దాన్నిబట్టే రాస్తాను.