విశ్వనాథ్ గారి సినిమాలు కొత్తగా చూసేవాళ్ళు ఏది ముందు చూడాలి, ఎలా చూడాలి

కె. విశ్వనాథ్ గారి సినిమాలు చూడాలనుంది కానీ ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు అని చాలామంది అడుగుతుంటారు, ముఖ్యంగా ఇరవైల్లో ఉన్నవాళ్ళు, ఇంకా అమెరికాలో పిల్లలకి కూచిపూడో భరతనాట్యమో నేర్పిస్తున్న అమ్మానాన్నలు. ఎక్కువమంది ఏం చేస్తారంటే పేరు విన్నారు కదా అని డైరెక్ట్‌గా శంకరాభరణం పెట్టేస్తారు, అరగంటకి ఫోన్ చేతిలోకొస్తుంది, బానే ఉంది గానీ స్లోగా ఉంది అని ఆపేస్తారు, మళ్ళీ ఆయన సినిమా జోలికి వెళ్ళరు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. ఆ సినిమాకి ముందు చెవి కొంచెం అలవాటు పడాలి. అలవాటు పడేలా ఒక వరస రాస్తున్నా, ఇది రిలీజ్ అయిన వరస కాదు.

సినిమాల పేర్లకంటే ముందు ఒక విషయం తెలుసుకోండి. ఈయన ఇండస్ట్రీకి వచ్చింది సౌండ్ డిపార్ట్‌మెంట్ నుంచి. 1930లో గుంటూరు జిల్లా పెదపులివర్రులో పుట్టారు, గుంటూరులో చదువుకున్నారు, మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ రికార్డింగ్ పనిలో చేరారు, తర్వాత డైరెక్టర్ ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర పనిచేసి 1965లో ఆత్మగౌరవంతో డైరెక్టర్ అయ్యారు. అంటే సీన్ తీయడం కంటే ముందు సీన్ వినడం నేర్చుకున్న మనిషి. ఆయన పెద్ద సీన్లు చూడండి, సరిగ్గా ఎక్కడ మిగతా డైరెక్టర్లు డైలాగ్ పెడతారో అక్కడ ఈయన మాట తీసేస్తారు. సిరిసిరిమువ్వలో హీరోయిన్‌కి మాట రాదు, సిరివెన్నెలలో అతనికి చూపు లేదు ఆమెకి మాట లేదు, స్వాతిముత్యంలో హీరోకి లోకం మాట్లాడే భాషే సరిగ్గా అర్థం కాదు. ఇన్నిసార్లు ఇలా రాసుకున్నాడంటే అది యాదృచ్ఛికం అని నేను అనుకోను.

అందుకే మొదటి రూల్, ఫోన్ స్పీకర్‌లో చూడొద్దు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, లేదా హాల్లో టీవీకి మంచి స్పీకర్ తగిలించండి. చాలా సినిమాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి, అయితే ఒకే సినిమా రెండు మూడు చోట్ల ఉంటే బొమ్మ కంటే సౌండ్ ఎక్కడ శుభ్రంగా ఉందో అది ఎంచుకోండి. ఇంకోటి, పాటలు స్కిప్ చేసే అలవాటుంటే ఆ అలవాటు ఈయన దగ్గర పనికిరాదు, ఎందుకంటే కథ పాటలోనే ముందుకెళ్తుంది, పాట దాటేస్తే తర్వాతి సీన్‌లో వీళ్ళెందుకిలా ఉన్నారో అర్థం కాదు.

ఇక వరస. మొదట స్వయంకృషి (1987) చూడండి. చిరంజీవి గారు చెప్పులు కుట్టే సాంబయ్య. శాస్త్రీయ సంగీతం అంటే భయపడేవాళ్ళకి ఇందులో ఆ భయం లేదు, కథ హాయిగా నడుస్తుంది, అప్పటికే మాస్‌లో టాప్‌లో ఉన్న హీరోని కింద కూర్చోబెట్టి పని చేయించి ఎలా తీశారో చూస్తే మతి పోతుంది, చిరంజీవి గారికి మొదటి నంది అవార్డు కూడా దీనికే వచ్చింది. ఇంకా తేలిగ్గా కావాలంటే కట్నం మీద తీసిన శుభలేఖ (1982) కూడా ఉంది, అందులోనూ చిరంజీవి గారే.

రెండోది స్వర్ణకమలం (1988). పిల్లలకి డాన్స్ నేర్పిస్తున్న ఇళ్ళల్లో ఐతే దీంతోనే మొదలెట్టండి, సబ్‌టైటిల్స్ ఉన్న ప్రింట్ వెతికి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఎందుకంటే ఇందులో భానుప్రియ గారి పాత్రకి డాన్స్ ఇష్టం లేదు! నాన్న కూచిపూడి గురువు, ఇంట్లో డబ్బుల్లేవు, ఈ కళ అన్నం పెడుతుందా అని ఆ అమ్మాయి నిలదీస్తుంది, ఆ ప్రశ్న తప్పని సినిమా తీసిపారేయదు. శివపూజకు చిగురించిన పాట దగ్గర ఒకసారి ఆపి, సాహిత్యం చదివి, మళ్ళీ చూడండి. వెంకటేష్ గారి పాత్ర ఏం అంటుందో ఆమె దానికి ఏం జవాబిస్తుందో, మొత్తం వాదన పాటల రచయిత సీతారామశాస్త్రి గారు పాటలోనే పెట్టేశారు. ఆయన ఇంటిపేరులా మారిపోయిన సిరివెన్నెల కూడా 1986లో విశ్వనాథ్ గారి సినిమాతో వచ్చిందే.

మూడోది సాగరసంగమం (1983), దీనికి మాత్రం ఒక రాత్రి పూర్తిగా కేటాయించుకోండి, ముక్కలు ముక్కలుగా చూడొద్దు ప్లీజ్. కమల్ హాసన్ గారు తాగుబోతు డాన్స్ క్రిటిక్‌గా మొదలై వెనక్కి వెళ్తుంది కథ. ఇందులో ఇన్విటేషన్ సీన్ ఉంటుంది, జయప్రద గారు డాన్స్ ఫెస్టివల్ పుస్తకం ఇస్తుంది, అతను పెద్ద పెద్ద కళాకారుల ఫోటోలకి దండం పెట్టుకుంటూ పేజీలు తిప్పుతాడు, తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీలో తన ఫోటో తనకే కనిపిస్తుంది. ఆ నిమిషంలో మాటలు ఎంత తక్కువో గమనించండి. సినిమా తీయాలనుకునేవాళ్ళకి నా సలహా, ఈ సీన్ ఒకసారి మామూలుగా చూడండి, తర్వాత కళ్ళు మూసుకుని వినండి, ఆ తర్వాత సౌండ్ ఆపేసి చూడండి. ఎడిటింగ్, నటన, ఇళయరాజా గారి సంగీతం ఎవరి పని వాళ్ళు ఎక్కడ చేస్తున్నారో విడివిడిగా తెలుస్తుంది. ఈ సినిమాకి ఇళయరాజా గారికీ బాలు గారికీ ఇద్దరికీ నేషనల్ అవార్డులొచ్చాయి.

ఇప్పుడు పెట్టండి శంకరాభరణం. 1980 ఫిబ్రవరి 2న రిలీజ్ అయింది, విశ్వనాథ్ గారు పోయింది కూడా 2023లో అదే ఫిబ్రవరి 2న. స్టార్ హీరో లేడు, సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారు గవర్నమెంట్ ఉద్యోగం చేస్తూ నాటకాలేసే మనిషి, మొదట్లో హాళ్ళు ఖాళీగా ఉండి తర్వాత ఆ నోటా ఈ నోటా విని జనం విరగబడ్డారు. ఇక్కడ చూడాల్సింది శంకరశాస్త్రికీ, ఆయన పాటని ఆరాధించే తులసికీ మధ్య ఉన్న దూరం, వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకునే సీన్ అంటూ దాదాపు లేదు, అయినా ఆ బంధం ఏంటో మనకి పూర్తిగా తెలుస్తుంది, ఎందుకంటే అతను పాడతాడు ఆమె వింటుంది, అంతే. సంగీత దర్శకుడు మహదేవన్ గారు సాహిత్యం చేతికొచ్చాక దానికి బాణీ కట్టే పద్ధతి మనిషి కాబట్టి పాటలు రాసిన వేటూరి గారి మాట ఎక్కడ విరిగితే ట్యూన్ అక్కడే విరుగుతుంది, మూడు సినిమాలు చూసొచ్చిన చెవికి ఇది చక్కగా పట్టుబడుతుంది.

దీని తర్వాత వెంటనే, అదే వారంలో, స్వాతికిరణం (1992) చూడండి. ఈ రెండూ జంటగా చూడాలని నేను గట్టిగా చెప్తా. శంకరశాస్త్రిలో గురువుని అంత ఎత్తులో నిలబెట్టిన మనిషే పన్నెండేళ్ళకి మమ్ముట్టి గారి అనంతరామశర్మని రాశారు, చిన్నపిల్లాడి గొంతు చూసి కుళ్ళుకునే గురువు, ఆ అసూయ ఆ పిల్లాడి ప్రాణం మీదకి తెస్తుంది. పాత రోజుల్ని పొగడటం తప్ప ఈయన ఏం చేశాడు అనేవాళ్ళకి ఈ సినిమా చూపించాలి. చిన్నపిల్లలతో మాత్రం చూడొద్దు, ముగింపు చాలా బరువు.

వాదించుకోవాల్సినవి కూడా ఉన్నాయి, అవి దాచి భక్తితో చూడక్కర్లేదు. స్వాతిముత్యం (1986) మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపిన సినిమా, విధవ మెడలో తాళి కట్టే సీన్‌కి అప్పట్లో హాల్లో చప్పట్లు, కానీ ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు కదా అని ఇవాళ చూసేవాళ్ళకి అనిపిస్తుంది, అనిపించాలి కూడా. సప్తపది (1981)లో పెద్ద పురోహితుడు మనవరాలిని ఆమె మనసిచ్చిన హరిజన కుర్రాడి దగ్గరికి పంపడానికి ఒప్పుకుంటాడు, అది ధైర్యమా, లేక నిర్ణయం చివరికి పెద్దాయన చేతిలోనే ఉండిపోయిందా? రెండూ నిజమే అని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి చూసి అడగండి, వాళ్ళు ఆ రోజుల్లో ఎలా తీసుకున్నారో చెప్తారు.

హిందీ రీమేకులు మొదటి రౌండ్‌లో వద్దు. సిరిసిరిమువ్వని 1979లో సర్గమ్‌గా ఆయనే తీశారు, జయప్రద గారిని హిందీకి తీసుకెళ్ళిందీ అదే, ఐనా ముందు తెలుగుది చూడండి. చివరి సినిమా శుభప్రదం (2010) అన్నీ అయ్యాక చూసినా చాలు. కానీ బ్లాక్ అండ్ వైట్ రోజుల్ని మాత్రం వదలొద్దు, చెల్లెలి కాపురం (1971), శారద (1973) తప్పకుండా చూడండి. చెల్లెలి కాపురంలో అందగాడు శోభన్ బాబు గారికి నల్లరంగు పూసి బీదకవిని చేశారు, కళాకారుడికి దక్కాల్సింది వేరొకడికి దక్కడం అనే బాధ అక్కడే మొదలైంది, అది పన్నెండేళ్ళ తర్వాత సాగరసంగమంలో ఏమైందో మీరు అప్పటికే చూసేసి ఉంటారు. వీటి ప్రింట్లలో సౌండ్ కొంచెం గరగరలాడుతుంది, వీటికి మాత్రం హెడ్‌ఫోన్స్ తీసేసి హాల్లో టీవీ స్పీకర్‌లో పెట్టుకుంటేనే వినబుల్‌గా ఉంటుంది.