కారులో పిల్లల్ని భద్రంగా ఎలా కూర్చోబెట్టాలి? ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

ఒడిశాలోని బరంపురం నుంచి ఆంధ్రలోని ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లే కదా అని మా ఇళ్లలో పిల్లలకు బెల్టు సంగతి ఎవరూ పట్టించుకోరు. నేనూ అంతే. ఒకసారి గిరిసోల దగ్గర గేదె అడ్డొచ్చి మావారు సడన్ బ్రేకు వేశారు. వెనక సీట్లో నా ఒళ్లో ఉన్న పాప జారిపోయి ముందు సీటుకు కొట్టుకుంది. నుదుట బొప్పి కట్టింది. గట్టిగానే పట్టుకున్నాను, ఆగలేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు గుద్దుకుంటే పది కిలోల బిడ్డ ఆ క్షణంలో 200 కిలోల బరువులా ముందుకు దూసుకుపోతుంది. ఏ తల్లి చేతులూ ఆపలేవు.

కాబట్టి మొదటి పని, చైల్డ్ సీటు కొనడం. దాన్ని వెనక సీట్లోనే బిగించండి. ఏడాదిన్నర దాకా, వీలైతే ఇంకా ఎక్కువ కాలం, బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండాలి. ఈ వయసులో తల బరువు, మెడ లేత. ముందు నుంచి గుద్దుకున్నప్పుడు వీపు మొత్తం సీటుకు ఆని దెబ్బ పంచుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో మాత్రం ఇలా ఎప్పుడూ పెట్టకండి.

బెల్టు సరిగ్గా బిగిసిందా అన్నది చూడటం తేలిక. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత వేళ్లకు దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే. చలికాలంలో స్వెటర్ తీసి పట్టీ బిగించి, పైన దుప్పటి కప్పండి. కాస్త పెద్దయ్యాక బూస్టర్ సీటు, అంటే పెద్దల బెల్టు సరైన చోట పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు. ఎత్తు 150 సెంటీమీటర్లకు దగ్గరయ్యాకే పెద్దల బెల్టు సరిపోతుంది. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి మీద ఉండాలి. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది.

ప్రమాదం జరిగితే ముందు ఇంజన్ ఆపండి. బిడ్డ ఊపిరి తీసుకుంటుంటే, మంటల భయం లేకపోతే, సీట్లోంచి లాగకండి. కంగారులో ఎత్తుకుని పరిగెత్తడమే మెడకు ముప్పు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. హైవే మీదైతే 1033 కూడా ఉంది. మన సరిహద్దులో ఫోను ఏ టవర్‌ని పట్టుకుంటుందో చెప్పలేం. అందుకే ఒడిశాలో ఉన్నారో ఆంధ్రలో ఉన్నారో మొదటి మాటగా చెప్పి, కిలోమీటరు రాయి మీది అంకె చదవండి. నీళ్లు, పాలు పట్టకండి, ఆపరేషన్ అవసరం రావచ్చు.

ఆస్పత్రిలో డబ్బు గురించి టెన్షన్ పడి ఆలస్యం చేయకండి. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద, గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేని వైద్యం ఉంది. దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉందో 112లో అడగండి.

పైకి దెబ్బ కనిపించకపోయినా రెండు రోజులు బిడ్డని కనిపెట్టుకుని ఉండండి. పదేపదే వాంతులు, లేపినా లేవని మగత, ఫిట్స్, చెవిలోంచి నీరు, పొట్ట మీద బెల్టు వాత, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి వెళ్లండి.

గట్టి ప్రమాదంలో ఉన్న చైల్డ్ సీటును మళ్లీ వాడకండి, పగులు కనిపించకపోయినా సరే. చుట్టాలకూ ఇవ్వకండి.