టైరు గీసుకుంటోందా? ముందు ఎత్తు లెక్క చూడండి

మా స్విఫ్ట్‌కి కంపెనీ ఇచ్చినవి 165/80 ఆర్14 టైర్లు. 15 అంగుళాల అల్లాయ్‌లు వేయించినప్పుడు షాపతను 205/65 అయితే నిండుగా ఉంటుందన్నాడు, సరేనన్నాను. సస్పెన్షన్ ముట్టుకోలేదు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే బరబరమని చప్పుడు. ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే, చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ అరచేయంత మేర అరిగి మెరుస్తోంది. అంచున నల్లటి రబ్బరు పొడి. గుండె గుభేలుమంది.

తెలిసిన మెకానిక్ "టైరు ఎత్తయిపోనాది బాబూ, లెక్క కట్టుకోండి" అన్నాడు. టైరు వెడల్పు 165 మి.మీ.లో 80 శాతం 132, అది సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ ఎత్తు. దానికి రెట్టింపు 264. రిమ్ము 14 అంగుళాలను 25.4తో గుణించి కలిపితే దాదాపు 620 మి.మీ. నేను వేయించింది 647.5! అదే వేగంలో మీటరు కూడా మునుపటికన్నా తక్కువ స్పీడు చూపిస్తుందన్నమాట. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

185/65 ఆర్15కి లెక్క 621.5 వచ్చింది. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) పాతదానికన్నా తగ్గలేదని చూసుకుని అదే వేయించాను. రిమ్ము ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందో చెప్పే కొలత) కూడా అడిగి తీసుకోండి, అది తేడా అయితే సరైన టైరూ తగులుతుంది.

ఇప్పుడు స్టీరింగ్ చివరిదాకా తిప్పినా టైరుకీ లైనర్‌కీ మధ్య రెండు వేళ్లు దూరుతున్నాయి.